దొంగ డబ్బాలు

పన్నెండేళ్ల వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. నాకైతే ఐదో తరగతితోనే అంతా తెలిసిపోయింది. మంథని దగ్గర మా ఊళ్లో ఎవరి మోటారు మొరాయించినా స్టార్టర్ డబ్బా విప్పి, లోపల ఊది, మళ్లీ బిగించేవాణ్ని. ఒక్కోసారి తిరిగేది (ఎందుకు తిరిగేదో నాకూ తెలియదు). మా అమ్మ చెల్లెలు, చిన్నవ్వ, నన్ను "ఇంజినీరు" అని పిలిచేది. ఆమె భర్త చిన్నబాపు దుబాయిలో ఉంటే రెండెకరాల వరి ఆమె ఒక్కతే చూసుకునేది. ఆ పిలుపు నిలబెట్టుకోవాలని నాకు మహా తాపత్రయం.

ఆ యాసంగి పంటకు కొత్త మోటార్లు పడ్డాయని లైన్‌మన్ వచ్చి, మా ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పది మోటార్లకూ కెపాసిటర్ డబ్బాలు బిగించి పోయాడు. మర్నాడు నేను చిన్నవ్వ మోటారు దగ్గర ఫ్యూజులు పీకి, ఇక కరెంటు లేదన్న నమ్మకంతో ఆ డబ్బా మీద చెయ్యి పెట్టాను. అది నన్ను గట్టు మీది నుంచి మడిలోకి విసిరింది. బురదలో కూర్చునే కనిపెట్టేశాను, కరెంటు తీసేశాక కూడా కొట్టిందంటే ఇది మన కరెంటును దాచుకుంటోందని! "గిది దొంగ డబ్బ" అని ఊరంతా చెప్పాను. అందరూ నమ్మారు. రెండు రోజుల్లో పది డబ్బాలూ పీకేశాను, చిన్నవ్వదే మొదట.

మూడో రోజు పొద్దున అందరూ మోటార్లు వేసేసరికి తీగలు వేడెక్కాయి, ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంది. లైను చివర ఉన్న చిన్నవ్వ మోటారు మూలిగిందే గానీ తిరగలేదు. మరో రెండు రోజులు అదే తీరు. వరి పాలు పోసుకునే వేళ, మడి నెర్రెలు విచ్చింది. "రేపటికి నీళ్లు పారకుంటె తాలు గింజలే మిగుల్తయి బిడ్డా" అంది చిన్నవ్వ. ఇంజినీరు అనలేదు.

పరుగున పోయి లైన్‌మన్‌ను పిలుచుకొచ్చాను. వస్తూనే "డబ్బలేవిరా?" అన్నాడు. నేను ఆకాశం చూశాను.

"పెద్దపల్లి బస్సు ఎర్కేనా? ఒగడు ఎక్కుతడు, ఆడ దిగడు, గదే బస్సుల మల్ల మంథనికొస్తడు. ఏం పని జేసిండు?"

"ఏం జెయ్యలే."

"సీటైతె పట్టిండు గద! మోటారు గసొంటి కరెంటును గూడ గుంజుతది. ఊకె పోతది, వస్తది. పవర్ ఫ్యాక్టర్ తగ్గుడంటె గదే. తీగెల నిండ గదే ఉంటె తీగె కాల్తది, ట్రాన్స్‌ఫార్మర్ ఉడుకుతది, ఆఖరోళ్లకు వోల్టేజి అందది. డబ్బ ఉంటె గా కరెంటు మోటారు కాడనే తిరుగుతది, లైను మీదికి రాదు. బంద్ జేసినంక గూడ జరసేపు డబ్బల కరెంటు ఉంటది, గది దొంగతనం గాదు."

చిన్నవ్వ వైపు తిరిగాను. "నేనే పీకిన చిన్నవ్వా..."

"నాకెర్కలేదా? పక్కన నిలవడ్డది నేనే గద" అని కొంగు ముడి విప్పింది. నాలుగు నట్లు. "డబ్బ గూడ లోపట్నే పెట్టిన, నట్లు నువ్వు ఇసిరేస్తుంటె ఏరుకున్న. మల్ల బిగిస్తవని తెల్సు. ఫికర్ జెయ్యకు, జర జల్ది కానియ్యి."

మిగతా తొమ్మిది డబ్బాలూ ఇల్లిల్లూ తిరిగి అడుక్కొచ్చాను (ఒకాయన దర్వాజకు అడ్డం పెట్టుకున్నాడు). సాయంత్రానికి లైన్‌మన్, నేనూ అన్నీ బిగించాక చిన్నవ్వ మోటారు తిరిగింది. పైపులోంచి నీళ్లు దూకగానే నేను ముఖం కడుక్కోవడం మొదలుపెట్టి, చాలాసేపు ఆపలేదు.

"ఎంతసేపు కడుగుతవ్ బిడ్డా, మడికి గూడ కొన్ని ఉంచు" అంది చిన్నవ్వ.

ఆ పిల్లగాణ్ని తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. అంత నమ్మకంగా తప్పు చేసే వయసూ, ఆ తప్పును కొంగున ముడేసి దాచే మనిషీ, రెండూ నాకు ఒక్కసారే దొరికాయి.