గొంగళ్లు పరవని సభ

రాయబారి ఉద్యోగం వచ్చిందని గుర్వయ్య చెప్పినప్పుడు అక్క జానమ్మ అడిగిన ప్రశ్న ఒక్కటే. "అంటే ఏం కొలువు తమ్మీ? పిల్ల సంబంధాలు మాట్లాడుడా?"

"గసుంటిదే అక్కా. కాకపోతే దేశాలకు మాట్లాడాలె."

జానమ్మ తృప్తిగా తలూపింది. దేవరకొండ అవతల గుట్టల నడుమ గొర్రెల కాపరుల ఊరు వాళ్లది. తండ్రి చనిపోయినప్పుడు మంద ఎవరు తోలాలన్న మాట వస్తే, "వాణ్ణి బడికి పోనియ్యుండ్రి, గొర్రెలు నా మాట వింటయ్" అని కర్ర అందుకున్నది ఆమే. ఆ కర్ర పుణ్యాన గుర్వయ్య దేవరకొండ హాస్టల్లో, మహబూబ్‌నగర్ కాలేజీలో చదివి విదేశాంగ సర్వీసు దాకా వెళ్లాడు.

పేరు కాస్త నాజూగ్గా మార్చుకోమని ఢిల్లీలో ఎవరో పెద్దమనిషి సలహా ఇస్తే నవ్వి ఊరుకున్నాడు. ఏ దేశం వెళ్లినా ఎదుటివాడి మొహం చూసి మనసు చెప్పేవాడని పేరు. ఎడారి దేశంలో పాలమూరు కూలీల పాస్‌పోర్టులు ఒక కంపెనీ యజమాని దాచేస్తే, గుర్వయ్య గొంతు పెంచలేదు. రోజూ వెళ్లి ఆ యజమాని కాఫీ తాగి వచ్చేవాడు. చివరికి ఆ కాఫీ పొయ్యలేకనే కాబోలు, అతను పాస్‌పోర్టులు ఇచ్చేశాడు. కూలీలు ఇళ్లకు చేరారు.

రిటైరయ్యేనాటికి తెలంగాణ వచ్చింది. లోకం చూసినవాడు కావాలని పిలిచి, శాసనమండలిలో సభ్యత్వం ఇచ్చి, పరిశ్రమల మంత్రిని చేశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గుర్వయ్య రచ్చ ముందు గెలిచాడు. ఇల్లు ఎలాగూ మనదే కదా అనుకున్నాడు.

కొన్నాళ్లకు, ఎండతో కరెంటు తీసే కంపెనీ ఒకటి వచ్చింది. దానికి చూపించిన భూమి వాళ్ల ఊరి గుట్ట కిందిది. ప్రభుత్వానిదే, కానీ తాతల నాటి నుంచి ఊరి మందలు మేసేది అక్కడే. అధికారులను పంపితే బాగుండదని గుర్వయ్య తనే వెళ్లాడు. షామియానా వేశారు, కుర్చీలు వేశారు. వాళ్ల భాషలోనే వివరంగా చెప్పాడు, ఉద్యోగాలొస్తాయన్నాడు. చివర అడిగాడు. "ఎవరికన్న ఇష్టం లేకపోతె జర ఇప్పుడే చెప్పుండ్రి."

ఎవరూ నోరు విప్పలేదు. మగవాళ్లంతా భుజాన గొంగళ్లతో నిలబడే ఉన్నారు. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. తనమీద ఎంత గౌరవమోనని గుర్వయ్య గుండె నిండింది. మౌనం అర్ధాంగీకారం అంటారు మనవాళ్లు. దౌత్యంలో అది పూర్తి అంగీకారమే. ముసాయిదా పంపి, గడువులోగా ఎవరూ మాట్లాడకపోతే అందరూ ఒప్పుకున్నట్టు. అలా ఎన్ని ఒప్పందాలు కుదిర్చాడో! ఊరు ఒప్పుకుందని హైదరాబాదు వెళ్లి చెప్పాడు.

కంచె స్తంభాలు దిగిన వారం అక్కను చూడడానికి వచ్చాడు. జానమ్మ కాళ్లకు నీళ్లిచ్చి, కోడిని కోసి వండింది. దొడ్డి సగానికి సగం ఖాళీగా ఉంది.

"అక్కా, గొర్లేమైనయ్?"

"అమ్మిన తమ్మీ. మేసే జాగ పోతాందాయె, ఏం పెట్టి సాదాలె?"

"మరి గా దినం ఒక్కలన్న వద్దనలేదు గదా!"

"గొంగడి ఎవలన్న పరిచిండ్రా?" అంది జానమ్మ.

గుర్వయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది. చిన్నప్పుడు, ఎరువు కోసం చేన్లో రాత్రికి మంద పెట్టమని రైతులు వచ్చి తండ్రిని అడిగేవారు. ఇష్టమైతే బాపు భుజాన ఉన్న గొంగడి తీసి పరిచేవాడు, ఇద్దరూ దానిమీద కూర్చునేవారు. ఇష్టం లేకపోతే గొంగడి భుజం దిగేది కాదు. మాటతో పనిలేకుండానే రైతు లేచి వెళ్లిపోయేవాడు. ఆనాడు ఊరంతా నిలబడి తనకు కాదని చెప్పింది. పరాయి దేశాల్లో కనుబొమ్మ కదిలితే పట్టుకున్నవాడు దాన్ని పట్టుకోలేకపోయాడు.

"నువ్వన్న చెప్పకపోతివి అక్కా. నీ తమ్ముణ్ణి గదా!"

"తమ్మునివే. కాని జీపులేసుకొని చుట్టమోలె వస్తివి. ఇంటికొచ్చిన చుట్టాన్ని మొకం మీద కాదంటమా?"

ఆమె గొంతులో కోపం లేదు. ఇంకో గరిటె కూర వేసింది. గుర్వయ్య తల వంచుకుని అన్నం కలిపాడు. ఇన్నేళ్లలో తనెప్పుడూ అంత సిగ్గుపడలేదు.

మర్నాడు ముఖ్యమంత్రి దగ్గరికి వెళ్లాడు. "కంపెనీకి మాట ఇచ్చేశాం. ఇప్పుడు ఏమని వెనక్కి తీసుకోమంటారు?" అన్నారాయన విసుగ్గా.

"మంత్రి అబద్ధం చెప్పాడని చెప్పండి."

"మీరు చెప్పింది అబద్ధం కాదు కదా, పొరపాటు."

"ఊరికి రెండూ ఒకటేనండీ."

రాజీనామా అక్కడే ఇచ్చాడు. తప్పు తనదేనని పత్రికల వాళ్లకూ చెప్పాడు. కంపెనీ వేరేచోట రాళ్లనేల చూసుకుంది. పార్టీ లోపలి కుమ్ములాటల వల్లే రాజీనామా అని పత్రికలు రాశాయి. రాయనీ, వాళ్ల పొయ్యి మీదా కుండ ఉడకాలి.

గుర్వయ్య బస్సెక్కి ఊరికి వచ్చాడు. పొద్దున్నే జానమ్మ మిగిలిన గొర్రెలను విప్పుతుంటే దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, ఇయ్యాల నేను తోలుకపోత. నువ్వు జర కూసో."

"వద్దు," అంది జానమ్మ, వెనక్కి తిరక్కుండానే. "నీకు చాతగాదు. సగం గొర్లను గుట్ట మీదనే ఇడిసిపెట్టొస్తవు. పో, నీళ్లు పట్టుకరా."

గుర్వయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. చిన్నప్పటి నుంచి అక్క తనను కాదనడం ఇదే మొదలు. చుట్టాన్నైతే అనేది కాదు. ముక్కు తుడుచుకుని, బిందె పట్టుకుని నల్లా దగ్గరికి నడిచాడు.