పిలకాయలకు రాసిన మామిడితోట

తన మామిడితోటను మొత్తంగా పిల్లల ఆశ్రమానికి రాసిచ్చిన మనిషి ఎవరని అడిగితే, పుత్తూరు నుంచి కార్వేటినగరం దాకా ఏ ఆటో అతనైనా మా ఇల్లు చూపిస్తాడు. పన్నెండెకరాల తోట. బేనిషా, మల్గోవా, నీలం, అన్నీ నిండు కాపు మీదున్న చెట్లు. పిల్లలు లేనివాడు కాబట్టి ఇచ్చాడులే అని కొందరంటారు. ఉన్నా ఇచ్చేవాణ్ణే.

ఇలా మొదలుపెడితే చదివేవాళ్ళు కాస్త నిటారుగా కూర్చుంటారని నా ఆశ. బస్సులో కండక్టరుగా బతికినవాణ్ణి. మెట్ల మీద మనుషులు వేలాడుతున్నా "లోపలంతా ఖాళీ, జరుగు జరుగు" అని ఎక్కించుకున్న నోరిది. కొంచెం సాగదీయందే నాకు మాట రాదు. ఆటోవాళ్ళ సంగతి నిజమే, కాకపోతే ఇద్దరే. ఆ ఇద్దరికీ చెప్పింది నేనే. మిగిలినవి ఎక్కడ సాగాయో వరసలో ఒప్పుకుంటాను.

నిరుడు తిరుపతిలో గుండెకు స్టెంటు వేసి పంపించాక నాకు కాలు ఒకచోట నిలవడం మానేసింది. అన్నం ముందు కూర్చుంటే వాకిలి గుర్తొచ్చేది, వాకిట్లో నిలబడితే తోట గుర్తొచ్చేది. తోటకు పోతే, ఇంట్లో ఏదో మరిచిపోయి వచ్చానని వెనక్కి తిరిగేవాణ్ణి. ఏం మరిచిపోయానో మాత్రం తెలిసేది కాదు. డాక్టరు నడవమన్నాడు కదా అని నా భార్యతో అంటే, "నడవమన్నాడు, కాలుగాలిన పిల్లి మాదిరి తిరగమనలేదు" అనేది.

అలా తిరుగుతూ ఒకరోజు కార్వేటినగరం దారిలో ఉన్న ఆశ్రమం దగ్గర బస్సు దిగాను. నా డ్యూటీ రోజుల్లో నాకు బాగా తెలిసిన స్టేజీ అది. బెంగళూరికి మేస్త్రీ పనికి, కూలి పనికి పోయే తల్లిదండ్రులు బడి తెరిచే వేళకు ట్రంకుపెట్టెతో సహా పిల్లల్ని తెచ్చి అక్కడ వదిలిపెట్టేవాళ్ళు. వచ్చేటప్పుడు బస్సులోనే ఏడుపు మొదలయ్యేది. అలాంటి బిడ్డను నా పక్కన కూర్చోబెట్టుకుని నా విజిల్ నోటికిచ్చేవాణ్ణి. ఆ బిడ్డ ఊదినప్పుడల్లా డ్రైవరు బండి ఆపేవాడు, ఎవరూ దిగేవాళ్ళు కాదు, వెనక సీట్ల నుంచి నాకు తిట్లు పడేవి. ఆశ్రమం వచ్చేసరికి బిడ్డ మొహం మీద నీళ్ళు ఆరిపోయి ఉండేవి. ఆ తర్వాత ఆ పిల్లల సంగతి ఏమైందో నాకు తెలియదు. బస్సు అక్కడ ఎక్కువసేపు ఆగదు కదా.

ఆరోజు లోపలికి పోయేసరికి పిల్లలు వరసగా కూర్చుని అన్నం తింటున్నారు. ఆశ్రమం చూసుకునే సిస్టరమ్మ చిత్తూరు మనిషే. నన్ను కూర్చోమంది, నాకూ పళ్ళెం పెట్టింది. చారు పోసుకుంటూ చుట్టూ చూశాను. అన్ని కళ్ళు నా మీదున్నాయి. నా నోరు ఊరుకుంటుందా.

"నాకు పన్నెండెకరాల మామిడితోట ఉండాది. నా తర్వాత అదంతా మీకే. వీలునామా రాసేస్తా ఉండా" అన్నాను.

పిల్లలు చప్పట్లు కొట్టారు. నా ఎదురుగా కూర్చున్న రెండు జడల పాప మాత్రం కొట్టలేదు. చేతిలో ముద్ద అలాగే పట్టుకుని అడిగింది: "తాతా, నువ్వెప్పుడు సస్తావు?"

సిస్టరమ్మ గరిటె పక్కన పెట్టి, "అట్లా అడగొచ్చునా, తప్పు" అంది.

"తప్పేముంది సిస్టరమ్మా. కాయలొచ్చేది ఎండాకాలం కదా. తాత వానాకాలంలో సచ్చిపోతే మేము ఇంగో యేడు కాసుకోవాల."

అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాక ఆ నవ్వు పోయింది. ఆ పాప లెక్కలో తప్పు లేదు. నేను ఆ బిడ్డకు తోట చూపించి నా చావు వైపు చూసేలా కూర్చోబెట్టి వచ్చాను. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి: వీలునామా రాయకముందే నాకేదైనా అయితే? అంతమంది పిల్లల ముందు అన్న మాట గాలిలో కలిసిపోతుంది. ఎక్కాల్సిన బస్సు వచ్చినా ఎక్కకుండా నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్నే నా భార్య పాలకు పోయిన సమయం చూసి, ఇనప్పెట్టెలోంచి తోట పాస్‌బుక్కు తీసుకుని పుత్తూరు పోయాను. రిజిస్ట్రేషను ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాసే అతను నా పాత ప్రయాణికుడే. చెప్పిందంతా విన్నాడు. పుస్తకం తెరిచి, కళ్ళద్దాలు సర్దుకుని, మళ్ళీ మూశాడు.

"అన్నా, పన్నెండెకరాలు యాడుండాది?"

"అదే."

"ఇది ఎకరన్నర."

"మాటవరసకు అన్నాలేప్పా. ఉన్నదాన్నే రాయి."

"రాసేదానికి అది నీది కాదు. వదిన పేరు మీద ఉండాది. పసుపు కుంకుమ కింద వాళ్ళ నాయన ఇచ్చిన భూమి."

"ఇచ్చింది మా పెండ్లికే కదా. చెట్టు నాటినోణ్ణి నేను, నీళ్ళు కట్టినోణ్ణి నేను."

"కట్టినావు, ఎవురు కాదన్నారు. నీది కానిదాన్ని నువ్వు బతికుండీ ఇయ్యలేవు, సచ్చీ ఇయ్యలేవు. నీ పేరు మీద ఏముండాదో సెప్పు, రాస్తా."

ఆలోచించాను. "సైకిలు."

"దానికి వీలునామా ఎందుకన్నా," అని పాస్‌బుక్కు నా చేతిలో పెట్టాడు.

కూతురి పెళ్ళిలో పసుపు కుంకుమతో పాటు ఆమె పేరిట కాస్త భూమి పెట్టడం మా వైపు ఉన్నదే. అది ఆడబిడ్డ సొత్తు. దున్నేది అల్లుడు. టీ బంకు దగ్గర "మా చేను" అనేదీ అల్లుడే. ఆ మాట ఎవరూ సరిచేయరు, పెళ్ళాం కూడా. ఏళ్ళు గడిచేకొద్దీ అది అతనికి నిజంగానే తనదైపోతుంది. మా ఊళ్ళో నా ఈడు మగవాళ్ళలో సగం మంది ఇలాంటి భూములకే ఆసాములు. నా చేతిలోనే పాస్‌బుక్కు ఉండగా, దాని మీద పేరు చదవాలని నాకు ఎన్నడూ తోచలేదు.

ఇక మిగిలింది ఆమెను అడగడం. అడగలేకపోయాను. ఆమె అన్న కొడుకులకు ఆ తోట మీద కన్నుందని నాకు తెలుసు. వాళ్ళ తాత భూమి, వాళ్ళు ఆశపడటంలో అన్యాయమూ లేదు. ఆమె వాళ్ళకే ఇస్తానంటే నేనేం మాట్లాడగలను? ఆ రెండు జడల ముందు మళ్ళీ ఏ మొహంతో నిలబడగలను? తోటలోకి పోయి చెట్ల మధ్య తిరిగాను, రాలని పూత కూడా రాలిందేమోనని చూశాను. ఇంటికొచ్చి దూలాలు లెక్కపెట్టాను. పాస్‌బుక్కు పెట్టెలో పెట్టడానికి సందు దొరక్క చొక్కా లోపలే పెట్టుకుని తిరిగాను.

చివరికి ఒక మధ్యాహ్నం ఆమె చింతపండులో గింజలు తీస్తూ కూర్చుని ఉంది. నేను వాకిలికీ వంటింటికీ మధ్య ఎన్నోసారో దాటుతున్నాను.

"ఏంది ఆ తిరుగుడు? కూసో."

"మే, ఒక మాట."

"పాస్‌బుక్కు చెమటకు తడుస్తా ఉంటాది, ముందు అది ఈడ పెట్టు."

తీసి పెట్టాను.

"సిస్టరమ్మ ఫోను సేసింది. పాప మాటను మనసులో పెట్టుకోవద్దని సెప్పమనింది. పన్నెండెకరాలంట కదా మనకు. కాణిపాకం పోదామా?"

మా జిల్లాలో అబద్ధాలకోరును ఆపడానికి ఆ ఒక్క మాట చాలు. అక్కడి కోనేట్లో మునిగి లేచి వినాయకుడి ముందు ప్రమాణం చేయడమంటే ఎంతటివాడైనా మాట మింగుతాడు. మా కాపురంలో ఆమె నన్ను కాణిపాకం పిలవని నెల లేదు, నేను పోయిన నెలా లేదు.

"తోట నీది," అన్నాను. "నాకు అడిగే హక్కు కూడా లేదు. కానీ పిలకాయల ముందు నోరు జారినా. ఇప్పుడేం సెయ్యాలో సెప్పు."

ఆమె గింజలు తీస్తూనే ఉంది. నా కాళ్ళు లేవాలని చూస్తున్నాయి. పట్టుకుని కూర్చున్నాను.

"మా అన్న కొడుకులు అడిగినారు. వాళ్ళకు మా నాయన ఇచ్చింది వాళ్ళకుండాది. నాకిచ్చింది నా ఇష్టం," అంది. "రాస్తా. నా పేరుతో రాస్తా. కానీ సచ్చినాక అని వదిలిపెడితే ఆ బిడ్డ మన సావుకు ఎదురుసూస్తా ఉంటాది. అది నాకొద్దు. భూమి మన తర్వాత. కాయలు ఈ ఎండాకాలమే."

నాకు ఊపిరి వచ్చింది. దాని వెనకే చిన్న ముల్లు కూడా గుచ్చుకుంది. దాతగా నేను కట్టుకున్న తలపాగా ఆమె తలకు పోయింది. కనీసం సాక్షి సంతకమైనా నాదే పెట్టమని పుత్తూరులో బల్ల దగ్గర అడిగాను. "ఈయన వద్దులే నాయనా," అని ఆమె రాసే అతనితో అంది, "ఈయన సాక్ష్యం ఎవురు నమ్ముతారు?" పక్క బల్ల అతను, టీ బంకు అతను సంతకాలు చేశారు. నేను అందరికీ టీ తెచ్చాను.

ఎండలు ముదిరాక పిల్లలు వచ్చారు. తోటలో వాళ్ళు ఒకచోట నిలిచింది లేదు, నాకంటే కాలు నిలవనివాళ్ళను ఆరోజే చూశాను. నేను చిక్కం పట్టుకున్నాను, అదే, గెడ కొసన వల కట్టి కాయ కోసేది. రెండు జడల పాప నా వెనకే తిరుగుతూ ఏ కాయో వేలితో చూపిస్తోంది. బావి పక్క చెట్టున పెద్ద మల్గోవా ఒకటి పండబారి ఉంది. దాన్ని వలలోకి దించి పాప రెండు చేతుల్లో పెట్టాను. నోరు ఊరుకుంటుందా.

"సూడు పాపా. నేను సావకముందే నా తోట మీకిచ్చేసినా."

పాప తలెత్తి నన్ను చూసింది, తర్వాత చెట్టు కింద గోనెపట్ట పరుస్తున్న నా భార్యను చూసింది.

ఆమె వంగిన నడుం లేపకుండానే అంది: "ఆయన ఇచ్చింది ఏమీ లేదు పాపా. తోట మా నాయన నాకిచ్చినాడు, నేను మీకిస్తా ఉండా. ఆయన నీళ్ళు కట్టినాడు. అదీ నేను లేపి పంపిస్తేనే."