బావ ముందు విప్పిన మెదడు బొమ్మ

ఒక్క రంగుల కాగితంతో నిక్షేపంగా ఉన్న ఇంటిని ఎలా ముంచాలో నేర్చుకోవాలంటే నా దగ్గరికి రండి. అనుభవం ఉంది.

అక్షరాలు తికమకపెట్టే డిస్లెక్సియా ఉన్న పిల్లలు చదివేటప్పుడు మెదడు ఎలా పనిచేస్తుందో కొలిచే ల్యాబులో నేను ఇంజనీర్‌ని. తలకు వైర్ల టోపీ తొడిగి రంగుల బొమ్మ తీస్తాం. మా అక్క కూతురు శ్రావ్యకు తొమ్మిదేళ్లు. అక్షరాలు కూడబలుక్కోవడానికే చెమటలు పట్టేవి. అయినా రోజూ బడికి దించేటప్పుడు చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల బోర్డులను నా బండి వెనక కూర్చుని గట్టిగా చదివేది. ఒక్కో బోర్డు పూర్తయ్యేసరికి మేం మలక్‌పేట దాటేవాళ్లం.

ఆమెకూ టోపీ తొడిగాం. ఆ రోజు నా జాబితాలో ఏడు పనులు. ఏడింటికీ టిక్కు పెట్టి, ప్రింటు పట్టుకుని, పెళ్లిపత్రిక ఇవ్వబోయేవాడిలా కార్వాన్‌లో అక్కవాళ్లింటికి వెళ్లాను.

పాల వ్యాపారం చేసే బావ కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "గీ నీలం ఏంది బామ్మర్దీ?"

"అక్షరాలు పట్టుకునే చోటు బావా. ఎర్రగా ఉండాలె. నీలమంటే నిద్రపోతున్నట్టు."

"అంటే నా బిడ్డకు చదువు రాదంటవా?"

"పర్సంటేజీలో చెప్పాలంటే..."

"పర్సంటేజీ పాలల్ల నేను చూస్త. వస్తదా, రాదా?"

తలుపు పక్కన శ్రావ్య. "మామా, అది ఎప్పుడు లేస్తది?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. జాబితాలో లేని ఎనిమిదో పని.

మర్నాటి నుంచి శ్రావ్య బండి వెనక తల దించుకుని కూర్చుంది. గాజుల బోర్డులన్నీ చదవకుండానే దాటిపోయాయి.

వారం తర్వాత మా ల్యాబు మేడమ్ ఆ కాగితం చూశారు. "ఒక్క పిల్ల బొమ్మతో తీర్పు చెప్పకూడదని తెలీదా? మనం చూసేది చాలామంది సగటు. పైగా ఇదెవరిదో చూశావా?"

కాగితం మూలన నా పేరు. టోపీ పనిచేస్తోందో లేదో చూడటానికి నేనే తొడుక్కుని, చదవాల్సిన చోట కునుకు తీసిన రికార్డింగ్ అది.

పరుగున అక్కవాళ్లింటికి వెళ్లి చెప్పాను. బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "గట్లైతే నిన్ను ఇంజనీర్ చేసిందెవడు?" అక్క కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

శ్రావ్య నవ్వలేదు. "నా కోసం అబద్ధం చెప్తున్నవ్ మామా."

కాబట్టి, వైర్ల టోపీ సాక్షిగా ప్రమాణం: పేరు చూడకుండా ఏ బొమ్మా విప్పను. చూసినా పిల్లల ముందు విప్పను. పెద్ద అక్షరాలతో రాసి, సంతకం పెట్టి, చదవమని శ్రావ్య చేతికిచ్చాను.

కాసేపు చూసి, మడతపెట్టి, తిరిగిచ్చింది.

"నువ్వే చదువు మామా."