మాస్టారు వదిలిన పద్నాలుగు జతలు

చెప్పుల దుకాణంలో పనిచేసే అతన్ని అందరూ కొలబద్ద అనేవారు. వీధి మలుపులో అడుగుల చప్పుడు వింటే చాలు, సైజు చెప్పేసేవాడు. ఓసారి రేకుల మీద పిల్లి నడిస్తే, "వెనక కుడికాలు కాస్త వాచింది" అన్నాడు. దింపి చూస్తే వాపు నిజమే!

అంతటివాడు, లెక్కల మాస్టారు పోయారన్న కబురు విని, ఒకావిడ ఐదో నంబరు అడిగితే పది తెచ్చిచ్చాడు.

మాస్టారి ఎడమకాలు ఎనిమిది, కుడికాలు తొమ్మిది. ఏ దుకాణంలో కొన్నా ఒక కాలు ఏడ్చేది. కొలబద్ద మాత్రం రెండు డబ్బాలు విప్పి, ఒక్కోదాంట్లోంచి ఒక్కో చెప్పు తీసి తొడిగేవాడు.

"ఇద్దరు మనుషుల్ని కలిపి కుట్టినట్టున్నారు మాస్టారూ!"

"ఆ ఇద్దర్లో తెలివితక్కువవాడే నీ దగ్గరికి లాక్కొస్తున్నాడ్రా."

మిగిలిన రెండు చెప్పులూ ఒక డబ్బాలో దూర్చి అటకెక్కించేవాడు. ఏడాదికొకటి. పద్నాలుగేళ్ళు.

మాస్టారు పోయిన కబురొచ్చిన మర్నాడే యజమానికి, అంటే కొలబద్ద బావకి, అటక దులిపే బుద్ధి పుట్టింది.

"ఏంట్రా ఇవి? ఒక్క జతా జత కాదు!"

"మాస్టారివి బావా. సగం ఆయన తొడుక్కున్నారు, సగం మనకి దాచారు."

"మీ అక్క మొహం చూసి ఊరుకుంటున్నా. బుట్టలో పోసి బయటపెట్టి, వచ్చినకాడికి అమ్మెయ్. సాయంత్రానికి అవైనా పోవాలి, నువ్వైనా పోవాలి."

జనం మూగారు. కొలబద్ద బుట్ట పక్కన నిలబడి అందర్నీ తరిమేశాడు. "అది కరుస్తుంది బాబాయ్, వద్దు." "అమ్మా, అవి తొడుక్కుంటే ఎటు నడిచినా గుండ్రంగా తిరిగి ఇక్కడికే వస్తారు."

అప్పుడొచ్చాడు ఒక లారీ డ్రైవరు. మాట వినకుండా తొడుక్కున్నాడు. అతికినట్టు సరిపోయాయి! ఎడమ తొమ్మిది, కుడి ఎనిమిది.

"అన్నీ ఇచ్చెయ్ అన్నా!"

లోపల బావ ఎగిరి గంతేశాడు. కొలబద్ద ఆ పాదాలకేసి చూస్తూ ఉండిపోయాడు. నిన్నట్నుంచి రాని కన్నీళ్ళు బొటబొటా కారాయి.

"ఏమైందన్నా?" డ్రైవరు హడలిపోయాడు.

"అన్నీ ఇవ్వను," అన్నాడు కొలబద్ద ముక్కు తుడుచుకుని. "ఒక్క జతే. అరిగాక మళ్ళీ రావాలి. కూర్చోవాలి. నేను రెండు మాటలంటే నువ్వు నాలుగనాలి."

"నాకంత నోరు లేదన్నా."

"నేర్పిస్తాలే."

సాయంత్రం బావ బుట్టలోకి తొంగిచూశాడు. పదమూడు.

"ఇక నువ్వు పోవాల్సిందేరా."

"పోతాను బావా," అన్నాడు కొలబద్ద, బుట్ట నెత్తిన పెట్టుకుని అటక నిచ్చెనెక్కుతూ. "పదమూడేళ్ళు ఓపిక పట్టు."