మమ్మీ అయిన గడబిడ పిల్లి

ఇన్‌స్పెక్టరు ముందు నా పరువు ఒక పిల్లి చేతిలో ఎలా పోయిందో చెబుతాను. నవ్వుకోండి, నేనేమీ అనుకోను.

ఎనభైల మొదట్లో రేవు పక్కన వన్ టౌన్‌లో ఒక బడిలో తాత్కాలికంగా సోషల్ మాస్టారిగా చేరాను. ఇన్‌స్పెక్టరు మెచ్చుకుంటే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటికే. పిల్లలకేమో దేశాల పేర్లు వింటేనే ఆవులింతలు. అందుకని వాళ్లు వారపత్రికలో ఎగబడి చూసే కార్టూన్ గడబిడ పిల్లిని గుడ్డతో కుట్టి, ప్రపంచయాత్రకు పంపాను. జపాన్‌లో కిమోనో తొడిగాను, మెక్సికోలో పెద్ద టోపీ పెట్టాను. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నాకు పొగరెక్కింది.

ఆ పొగరుతోనే ఈజిప్టు వెళ్లాం. పిల్లికి ఒళ్లంతా బ్యాండేజీ చుట్టి మమ్మీని చేసి, వెనక చెక్క ఊడిన పాత బీరువాలో పడుకోబెట్టాను.

"చనిపోయినవాళ్లు మళ్లీ లేస్తారని వాళ్ల నమ్మకం. అందుకే పక్కన తిండి పెడతారు" అన్నాను గొంతు తగ్గించి.

ఎవరూ నవ్వలేదు. చేపలమ్మే ఇంటి పిల్ల గౌరి లేచి, "ఎప్పుడు లేత్తాదండీ?" అంది.

"సోమవారం" అన్నాను గొప్పగా.

సోమవారం ముసురు పట్టింది. కరెంటు లేదు. ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చున్నారు. గదిలో ఏదో నీచు వాసన. నలభై మంది పిల్లలూ చేతులు కట్టుకుని, నన్ను కాదు, బీరువానే చూస్తున్నారు.

"ఏటర్రా అలా సూత్తన్నారు?" అన్నాను మెల్లగా.

"సోమారం కదండీ" అంది గౌరి.

బీరువాలో బరబరా గీకుతున్న చప్పుడు. తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది. చీకట్లో రెండు పచ్చటి కళ్లు. తెల్లటి బ్యాండేజీ ఈడ్చుకుంటూ గడబిడ పిల్లి నా వైపే నడిచి వస్తోంది.

నేనేం చేశానంటారా? ఇన్‌స్పెక్టరు గారి వెనక దూరి, ఆయన చొక్కా పట్టుకుని, "నాను సంపనేదు తల్లీ, గుడ్డ సుట్టానంతే" అని ఏడ్చాను.

గౌరి నింపాదిగా వెళ్లి బ్యాండేజీ విప్పింది. నోట్లో ఎండు చేపతో నిజం పిల్లి.

"రేవులో తిరిగే పిల్లండీ. గడబిడకి దారిలో ఆకలేత్తాదని శనివారం ఎండు సేపలెట్టినాం. ఎనకాల కన్నంలోంచి దూరీసి, గడబిడకి సుట్టిన గుడ్డలో సిక్కడిపోనాది."

"నీకు భయం వెయ్యలేదా అమ్మా?" అన్నారు ఇన్‌స్పెక్టరు.

"నేదండీ. అది ఆల నమ్మకమని మాస్టారే సెప్పినారు. మేం నమ్మనేదు. మాస్టారే నమ్మీసినారు."

ఇన్‌స్పెక్టరు రిపోర్టులో రాశారు: 'పిల్లలకు పాఠం బాగా వచ్చింది. మాస్టారికి మరో ఏడాది పడుతుంది.' మరో ఏడాది తాత్కాలికంగానే గడిచింది.

ఆ రోజే సుద్దముక్క పట్టుకుని ఒట్టేశాను. ఇక ఏ పిల్లినీ పరదేశం పంపను. పంపినా, అక్కడ చావనివ్వను.