దాచినవాడికి వేరే మాట

అమెరికాలో ట్రాయ్ స్టేషన్‌లో మనవరాలితో రైలు కోసం కూర్చున్నప్పుడు, పక్కనున్న తెల్ల ముసలామె పాత బ్రెడ్ కవరులోంచి ఒక పేపరు ముక్క తీసింది. కవరు పారేయకుండా దాచుకునే మనిషి ఇక్కడా ఉందే అని ముచ్చటపడ్డాను.

ఆ పేపరులో ఒక మాటను కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేసి, పైన ఇంకేదో రాసి ఉంది. నేను చూస్తుంటే ఆమే ఇంగ్లీషులో విషయం చెప్పింది. మనవరాలు అది నాకు తెలుగులో చెప్పింది.

"అమ్మమ్మా, వాళ్ళ హస్బెండ్ వాకింగ్‌కి వెళ్తే కార్ హిట్ చేసి చనిపోయాడట. డ్రైవ్ చేసినవాడు ఆపలేదు. కార్ రిపేర్ చేయించి, పోలీసులు పట్టుకునేదాకా సైలెంట్‌గా ఉన్నాడట. పేపర్‌లో యాక్సిడెంట్ అని రాశారు."

"మరి పైన ఈమె ఏం రాసింది?"

"ముర్దర్. వాళ్ళ తాతలది నార్వే. అక్కడ హత్య చేసినవాడిని అలా అంటారు. పాతకాలంలో, చంపినవాడు పక్కింటికి వెళ్ళి చెప్పేస్తే వేరే వర్డ్ అట. దాచిపెడితేనే ఇది." మళ్ళీ మనవరాలే, "వాడు స్కేర్ అయ్యాడేమోలే" అంది.

నాకు ఒళ్ళు మండింది. "భయమేస్తే బండి ఆపి ఏడవాలే! షెడ్డుకు తీసుకెళ్ళి బాగుచేయించుకుంటారా? బండికి పడ్డ సొట్ట కనిపించింది గానీ, రోడ్డు మీద మనిషి కనిపించలేదా?"

ఆమెకు తెలుగు రాదు. అయినా నా మొహం చూసి నా చెయ్యి పట్టుకుంది, రైలు వచ్చేదాకా వదల్లేదు.

మూడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ నార్వే మాట ఇప్పటికీ నాకు సరిగ్గా పలకడం రాదు. కానీ ఇంట్లో ఎవరైనా యాక్సిడెంట్ అయిందంటే ముందు ఒకటే అడుగుతాను.

"గుద్దినవాడు ఆగాడా?"