ఎడమచేతి పియానో ఆయన

నా చిన్నప్పుడు మా మేనమామను నేను అడిగిన ఆఖరి మాట, "ఆ ఇటలీ ఆయన నిజంగా ఉన్నాడా మావయ్యా?" అని. "నీ ఎడంచేతి మీద ఒట్టే పిల్లా" అని ఆయన నాటకాలవాళ్ళ బండెక్కాడు. ఆ యేడే ఎక్కడో పరాయి ఊళ్ళో కన్నుమూశాడు.

పసితనంలో జ్వరమొచ్చి నా కుడిచెయ్యి చచ్చుబడింది. తినడం, ఇవ్వడం అన్నీ ఎడమచేత్తోనే. ఒక శుక్రవారం పేరంటాళ్ళకు శనగలు పంచబోతే మా నాయనమ్మ నా వేళ్ళ మీద కొట్టింది, పదిమందిలోకి రావద్దంది. గాదె చాటుకు పోయి కూర్చున్నాను. ఇక ఈ చెయ్యి ఎవరికీ చూపించకూడదనుకున్నాను.

మా మావయ్య నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. అదంతా చూసి, వసారాలో దుప్పటి తెర కట్టి, దాని వెనక కూర్చుని నాయనమ్మకు ఇష్టమైన పద్యం వాయించాడు. లేవబోయిన పేరంటాళ్ళు కూడా ఆగిపోయారు. నాయనమ్మ కళ్ళు తుడుచుకుని చెయ్యి తిరిగినవాడివిరా అంది. అప్పుడు తెర లాగేశాడు. హార్మోనియానికి ఎడమచెయ్యి గాలి కొట్టాలి, కుడిచెయ్యి మెట్లు వాయించాలి. ఆయనవి తారుమారుగా ఉన్నాయి.

"ఇప్పుడు మెచ్చుకున్నది ఏ చేతిని అత్తయ్యా?"

 నాయనమ్మ గాదె చాటున ఉన్న నన్ను పిలిచి దోసిలి పట్టింది. "ఆ శనగలేవో ఇలా పొయ్యవే."

అప్పుడే మావయ్య నాకు ఆ ఇటలీ ఆయన కథ చెప్పాడు. చర్చి బడిలో పియానో బాగుచేస్తుంటే అక్కడివాళ్ళు చెప్పగా విన్నాడట. మా తాతల కాలానికి ముందే ఇటలీలో ఒకాయన, మిలాన్‌లో చదువుకుని, ఒక్క ఎడమచేత్తో వాయించే పాటలు సొంతంగా కట్టాడట. పారిస్‌లో వింటున్నవాళ్ళు ఇద్దరు వాయిస్తున్నారనుకున్నారట. పాపం, ముప్పై నిండకుండానే పోయాడట.

ఆ కథ పట్టుకునే బతికాను. మా ఆయన పోయాక ఈ చేత్తోనే బట్టలు కత్తిరించి పిల్లల్ని పెంచాను. కానీ ఎవరినడిగినా అలాంటి మనిషి తెలియదన్నారు. ఏడుస్తున్న పిల్లను ఊరుకోబెట్టడానికి కల్పించాడేమో, నేను ఇన్నాళ్ళూ గాలిని పట్టుకుని నడిచానేమో అని లోపల గుబులుండేది.

ఇప్పుడు ఐర్లాండులో, ఈ లెటర్‌కెన్నీ అనే ఊళ్ళో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. అది ఆసుపత్రిలో డాక్టరు. మనవరాలు పియానో నేర్చుకుంటోంది. మొన్న ఆ కథ నేను దానికి చెబితే అది వాళ్ళ టీచరును అడిగింది. ఆవిడ ఒళ్ళో కుడిచెయ్యి పెట్టుకుని, ఎడమచేత్తో ఒక పాట వాయించి చూపించిందట. అది ఆ ఇటలీ ఆయన కట్టిందేనట. పిల్ల బూట్లు కూడా విప్పకుండా వచ్చి, ఈ ఊరి యాసలో, "అమ్మమ్మా, హి వాజ్ రియల్" అంది. ఇటలీ, మిలాన్, చిన్న వయసులో పోవడం, అన్నీ సరిపోయాయి.

 గుండె మీది రాయి దిగినట్టయింది. కల్పించి చెప్పినా నన్ను నిలబెట్టేవాడే మా మావయ్య. కానీ నిజమే చెప్పాడు. చిన్నపిల్లే కదా అని నన్ను మాయ చెయ్యలేదు. నేను కూడా పిల్లలకు ధైర్యం చెప్పాల్సొస్తే ఉన్నమాటే వెతికి చెబుతాను.

నేను చెబుతుంటే నువ్వు రాసింది చాలమ్మాయ్, ఇక ఆపు. నాకు సంతకం తప్ప చదవడం, రాయడం రాదు కదా, నువ్వేం రాశావో ఏమో. ఏదీ, ఒకసారి చదువు, వింటాను.